ఇంగ్లాండ్‌లో ఇల్లు అద్దెకిస్తున్న మనవాళ్ళకి: కౌన్సిల్ లైసెన్స్ ఎప్పుడు కావాలి, ఎలా తీసుకోవాలి

"అన్నా, మా ఫ్రెండ్ ఒకడు వస్తున్నాడు, మాతోనే ఉంటాడు, రెంట్‌లో వాడి వాటా కూడా కలిపి పంపిస్తాం, మీకేం ఇబ్బంది లేదు కదా" అని టెనెంట్ ఫోన్ చేస్తాడు, మనమూ ఒకప్పుడు అలా నలుగురితో సర్దుకుని బతికినవాళ్ళమే కాబట్టి సరేలే తమ్ముడూ అనేస్తాం. ఆ ఇంట్లో అప్పటికే నలుగురు ఫ్రెండ్స్ ఉంటే మాత్రం ఐదోవాడు సూట్‌కేస్ దింపిన రోజు నుంచి ఆ ఇంటికి కౌన్సిల్ (అక్కడి మున్సిపాలిటీ లాంటిది) లైసెన్స్ తప్పనిసరి అయిపోతుంది, లైసెన్స్ లేకుండా నడిపితే అది ఫైన్ కట్టి మర్చిపోయే చిన్న తప్పు కాదు, 2004 హౌసింగ్ యాక్ట్ ప్రకారం క్రిమినల్ నేరం. మనవాళ్ళలో చాలామందికి ఈ సంగతి కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చాకే తెలుస్తోంది, అందుకే మొదట్నించి చివరిదాకా ఒకచోట రాస్తున్నా.

ముందే ఒక మాట, ఇదంతా ఇంగ్లాండ్ వరకే. వేల్స్‌లో రెంట్ స్మార్ట్ వేల్స్ అని వేరే పద్ధతి ఉంది, అక్కడ 2016 నవంబర్ 23 నుంచి ప్రతి ల్యాండ్‌లార్డ్ రిజిస్టర్ అవ్వాల్సిందే, ఇల్లు తనే మేనేజ్ చేసుకుంటే లైసెన్స్ కూడా కావాలి. స్కాట్లాండ్‌లో కూడా ల్యాండ్‌లార్డ్ రిజిస్ట్రేషన్ ఉంది, మూడేళ్ళకోసారి రెన్యూ చేయాలి, షేరింగ్ ఇళ్ళ లెక్క కూడా అక్కడ వేరు. అక్కడ ఇల్లున్నవాళ్ళు కింద రాసింది చూసి అదే అనుకోకండి.

స్టెప్ 1: మూడు రకాల లైసెన్స్‌లు, మీ ఇల్లు దేంట్లో పడుతుందో చూడండి

మొదటిది మ్యాండేటరీ హెచ్‌ఎంఓ లైసెన్స్. హెచ్‌ఎంఓ అంటే ఒకే కుటుంబం కాని మనుషులు కిచెనో బాత్‌రూమో టాయిలెటో షేర్ చేసుకుంటూ ఉండే ఇల్లు. ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది, రెండు లేదా అంతకంటే ఎక్కువ హౌస్‌హోల్డ్‌లుగా ఉంటే ఇంగ్లాండ్‌లో ఏ మూలైనా ఈ లైసెన్స్ కావాలి. ఒకప్పుడు మూడంతస్తుల ఇల్లైతేనే అనే రూల్ ఉండేది, 2018 అక్టోబర్ 1న అది తీసేశారు, ఇంకా ఆ పాత మాట పట్టుకుని "మనది రెండంతస్తులే కదా" అనేవాళ్ళు నాకు ఇప్పటికీ తగులుతున్నారు.

రెండోది అడిషనల్ లైసెన్స్. ముగ్గురు నలుగురు షేర్ చేసుకునే చిన్న హెచ్‌ఎంఓలకి కూడా లైసెన్స్ ఉండాలని కౌన్సిల్ తన ఏరియాలో పెట్టుకునే స్కీమ్ ఇది, అన్ని కౌన్సిళ్ళలో ఉండదు.

మూడోది సెలెక్టివ్ లైసెన్స్, మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కౌన్సిల్ ఒక ఏరియాని డిజిగ్నేట్ చేస్తే, అంటే ఈ స్కీమ్ కిందకి వస్తుందని ప్రకటిస్తే, అందులో ప్రైవేట్‌గా అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ లైసెన్స్ కావాలి, మీరు భార్యాభర్తా ఇద్దరు పిల్లలూ ఉన్న ఒక్క ఫ్యామిలీకి ఇచ్చినా సరే. 2013లో లండన్ న్యూహామ్ కౌన్సిల్ తన పరిధి మొత్తానికీ దీన్ని పెట్టింది. 2015 నుంచి పెద్ద స్కీమ్ పెట్టాలంటే కౌన్సిల్ కేంద్ర మంత్రి అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చేది, 2024 డిసెంబర్ 23 నుంచి ఆ అవసరం లేదు, కౌన్సిల్ తనంతట తనే పెట్టుకోవచ్చు, అంటే నిన్నటిదాకా లైసెన్స్ అక్కర్లేని వీధికి రేపు అవసరం పడొచ్చు. స్కీమ్ పెట్టేముందు కనీసం పది వారాలు జనం అభిప్రాయం తీసుకోవాలి, డిజిగ్నేట్ చేశాక మూడు నెలలు ఆగితే గానీ అమల్లోకి రాదు, కాబట్టి టైమ్ ఉంటుంది, కాకపోతే ఆ నోటీస్ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చున్న మీకు చేరుతుందని గ్యారంటీ ఏం లేదు.

నా ఇల్లు అద్దెకిచ్చినప్పుడు ఏజెంట్‌ని అడిగా, ఫ్యామిలీకే కదా ఇస్తున్నది ఏ లైసెన్సూ వద్దు అన్నాడు, నేను నమ్మేశా. ఏడాది తర్వాత పక్క వీధి ఫ్రెండ్ వాళ్ళింటికి లెటర్ వస్తే అనుమానమొచ్చి చూసుకున్నా, మా వార్డు ఎప్పుడో స్కీమ్‌లోకి వెళ్ళిపోయింది. ఆ రాత్రే అప్లికేషన్ పెట్టా కాబట్టి బయటపడ్డా. ఏజెంట్ చెప్పలేదు అన్న మాట ట్రిబ్యునల్ (ఇళ్ళ వివాదాలు తేల్చే కోర్టు లాంటిది) ముందు సాధారణంగా నిలబడదు, లైసెన్స్ సంగతి తెలుసుకోవాల్సిన బాధ్యత ఓనర్‌దే.

చూసుకోవడం ఎలా అంటే, గవ్ డాట్ యూకే అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే మీ ఇల్లు ఏ కౌన్సిల్ కిందో వస్తుంది, ఆ కౌన్సిల్ సైట్‌లో ప్రాపర్టీ లైసెన్సింగ్ పేజీకి వెళ్ళండి, చాలా చోట్ల అడ్రస్ కొడితే చెప్పే చెకర్ ఉంటుంది, లేకపోతే వార్డుల మ్యాప్ ఉంటుంది. స్కీమ్ మొదలైన తేదీ, అయిపోయే తేదీ రెండూ చూడండి, ఒక్కో డిజిగ్నేషన్ ఐదేళ్ళకి మించి ఉండదు, ఆ తర్వాత కొత్తది పెడతారు, కొన్నిసార్లు మధ్యలో గ్యాప్ ఉంటుంది. వార్డు హద్దు వీధి మధ్యలోంచి పోతే ఎదురింటికి అక్కర్లేదు మీ ఇంటికి కావాలి అన్నట్టు కూడా ఉంటుంది. అనుమానముంటే లైసెన్సింగ్ టీమ్‌కి మెయిల్ పెట్టి పూర్తి అడ్రస్, ఎంతమంది ఉంటారు, వాళ్ళ మధ్య చుట్టరికం ఏంటో రాసి లైసెన్స్ కావాలా అని సూటిగా అడగండి. ఫోన్‌లో అడగొద్దు, రాతపూర్వకంగా వచ్చిన జవాబు దాచుకోండి.

స్టెప్ 2: మనుషుల్ని లెక్కపెట్టడం

దీన్ని ఈజీ అనుకుంటారు గానీ అందరూ తప్పు చేసేది ఇక్కడే. చట్టం రెండు లెక్కలు అడుగుతుంది, ఎంతమంది మనుషులు, ఎన్ని హౌస్‌హోల్డ్‌లు.

మనుషులంటే పిల్లలు కూడా లెక్కే, చంకలో ఉన్న పసిపాప అయినా ఒక మనిషే. భార్యాభర్తా ఒక పాప ముందు గదిలో, వెనక గదుల్లో ఇద్దరు బ్యాచిలర్ ఫ్రెండ్స్ ఉన్నారనుకోండి, చూడ్డానికి ఒక ఫ్యామిలీ ఇద్దరు కుర్రాళ్ళే కదా అనిపిస్తుంది, చట్టం లెక్కలో ఐదుగురు మనుషులు, మూడు హౌస్‌హోల్డ్‌లు, నేరుగా మ్యాండేటరీ హెచ్‌ఎంఓ.

హౌస్‌హోల్డ్ అంటే ఒకే కుటుంబం. కుటుంబంలో ఎవరెవరొస్తారో చట్టం స్పష్టంగా రాసింది: భార్యాభర్తలు, భార్యాభర్తల్లా కలిసి ఉండేవాళ్ళు, తల్లిదండ్రులు, పిల్లలు, తాతా అమ్మమ్మలు, మనవలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, బాబాయి పిన్ని మేనమామ మేనత్తలు, వాళ్ళ పిల్లలు, అన్నదమ్ముల అక్కచెల్లెళ్ళ పిల్లలు. పెళ్ళి వల్ల వచ్చిన చుట్టరికం రక్తసంబంధంతో సమానం, కాబట్టి భార్య తమ్ముడు వచ్చి ఉంటే అదే హౌస్‌హోల్డ్. కానీ "మా ఊరివాడే, వరసకి తమ్ముడవుతాడు" అంటే అది కుదరదు, వేలు విడిచిన చుట్టాలూ కుదరరు. టెనెంట్లు అందరూ కజిన్స్ అని చెప్పారని మీరు రాసేసుకుంటే, రేపు కౌన్సిల్ ఆఫీసర్ వచ్చి ఒక్కొక్కరినీ విడిగా అడిగినప్పుడు తేలిపోతుంది.

ఎవరు లెక్కలోకొస్తారంటే ఆ ఇల్లే తన మెయిన్ ఇల్లుగా ఉండేవాళ్ళు. వారం రోజులు చూసి పోవడానికి వచ్చిన అమ్మానాన్నలు రారు. హాల్లో సోఫా మీద పడుకున్నా, అగ్రిమెంట్‌లో పేరు లేకపోయినా, వాడికి వేరే ఇల్లు లేకపోతే వస్తాడు. ఫుల్‌టైమ్ స్టూడెంట్ అయితే చదువు కోసం ఉంటున్న ఇల్లే మెయిన్ ఇల్లు కింద లెక్క.

మినహాయింపులు కొన్ని ఉన్నాయి. ఓనర్ తన కుటుంబంతో అదే ఇంట్లో ఉంటూ ఇద్దరికి మించకుండా లాడ్జర్లని పెట్టుకుంటే అది హెచ్‌ఎంఓ కాదు. మొత్తం ఇద్దరే ఫ్రెండ్స్ ఉంటే కాదు. మూడు అంతకంటే ఎక్కువ ఫ్లాట్లుగా మొదట్నించి కట్టిన బ్లాక్‌లో ఉన్న ఫ్లాట్‌కి మ్యాండేటరీ వర్తించదు, కాకపోతే అడిషనల్ వర్తించొచ్చు, ఈ ఒక్క మాట వినకుండా ఫ్లాట్ కదా అని వదిలేసినవాళ్ళున్నారు.

స్టెప్ 3: టేప్ పట్టుకుని గదులు కొలవండి

హెచ్‌ఎంఓ అయితే పడుకునే గదులకి దేశమంతా కనీస కొలతలున్నాయి. పదేళ్ళు దాటిన ఒక మనిషికి 6.51 చదరపు మీటర్లు, ఇద్దరికి 10.22, పదేళ్ళలోపు పిల్లకి 4.64. 4.64 కంటే చిన్న గదిని పడకగదిగా వాడనే కూడదు. కౌన్సిల్ ఇంతకంటే పెద్ద కొలత పెట్టుకోవచ్చు, చాలా కౌన్సిళ్ళు పెట్టుకున్నాయి, అందుకని మీ కౌన్సిల్ హెచ్‌ఎంఓ స్టాండర్డ్స్ డాక్యుమెంట్ డౌన్‌లోడ్ చేసుకోండి.

మూడు బెడ్‌రూమ్‌ల ఇళ్ళలో మెట్ల మీదుగా ఉండే ఆ చిన్న గది, బాక్స్ రూమ్ అంటామే, దాంతోనే తంటా అంతా. 2.7 మీటర్ల పొడవు 2.4 మీటర్ల వెడల్పు ఉందనుకోండి, ఎస్టేట్ ఏజెంట్ ప్లాన్‌లో నీట్‌గా బెడ్‌రూమ్ 3 అని రాసి ఉంటుంది, మంచం పడుతుంది, టేబుల్ కూడా పడుతుంది, గుణిస్తే 6.48 వస్తుంది. 0.03 తక్కువ, అంతే, ఆ గదిలో పెద్దవాళ్ళెవరూ పడుకోకూడదు. అందుకే పాత ప్లాన్ మీద అంకెలు కాపీ కొట్టకుండా గోడ నుంచి గోడకి స్కర్టింగ్ (గోడ అడుగున ఉండే చెక్క పట్టీ) దగ్గర కాకుండా కాస్త పైన లేజర్‌తో కొలవండి, రెండుసార్లు కొలవండి. లాఫ్ట్ గది అయితే సీలింగ్ ఎత్తు 1.5 మీటర్ల కంటే తక్కువున్న చోటంతా లెక్కలోంచి తీసెయ్యాలి, వాలుగా దిగే కప్పు కింద ఆ మూల ఎంత పోతుందో ముందు నేలమీద చాక్‌పీస్‌తో గీత గీసుకుని మిగిలింది కొలిస్తే తేలిక.

కొలిచింది కాగితం మీద ఫ్లోర్ ప్లాన్‌లా గీసుకోండి, ప్రతి గది కొలత, తలుపులు, కిటికీలు, స్మోక్ అలారంలు, బాత్‌రూమ్‌లు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టండి, చేత్తో గీసినా నీట్‌గా ఉంటే తీసుకుంటారు, అప్లికేషన్‌లో ఇది ఎలాగూ అడుగుతారు.

స్టెప్ 4: లైసెన్స్ ఒక్కటే చాలదు

ప్లానింగ్ వేరు, లైసెన్స్ వేరు, ఒక డిపార్ట్‌మెంట్ ఇచ్చిందని ఇంకోటి ఊరుకోదు. మామూలు ఇంటిని ముగ్గురి నుంచి ఆరుగురి వరకు షేర్ చేసుకునే ఇల్లుగా మార్చడానికి సాధారణంగా ప్లానింగ్ పర్మిషన్ అక్కర్లేదు, కానీ ఆ ఏరియాలో ఆర్టికల్ 4 డైరెక్షన్, అంటే ఆ వెసులుబాటుని కౌన్సిల్ తీసేసిన ఆర్డర్, ఉంటే కావాలి. ఆరుగురు దాటితే ఎక్కడైనా కావాలి. హెచ్‌ఎంఓగా పెట్టాలని ఇల్లు కొనేవాళ్ళు కొనకముందే ఇది చూసుకోవాలి, కొన్నాక తెలిస్తే చేసేదేం లేదు.

రెసిడెన్షియల్ మార్టగేజ్ (మనం ఉండటానికని తీసుకున్న ఇంటి లోన్) మీద ఉంటే బ్యాంక్ నుంచి కన్సెంట్ టు లెట్, అంటే అద్దెకివ్వడానికి అనుమతి, తీసుకోవాలి, బై టు లెట్ (అద్దెకివ్వడానికని తీసుకున్న లోన్) అయినా హెచ్‌ఎంఓకి ఒప్పుకుంటుందో లేదో చూడాలి. ఇన్సూరెన్స్ వాళ్ళకి ఎంతమంది ఉంటారో నిజం చెప్పాలి. లీజ్‌హోల్డ్ (స్థలం వేరేవాళ్ళది, మనకి లీజు హక్కు మాత్రమే ఉన్న) ఫ్లాట్ అయితే లీజ్ తీసి చదవండి, సబ్‌లెట్ చేయకూడదని రాసి ఉంటే లైసెన్స్ ఉన్నా ఉపయోగం లేదు.

స్టెప్ 5: కాగితాలు సిద్ధం చేసుకోవడం

గ్యాస్ సేఫ్టీ సర్టిఫికెట్ ఏడాదికోసారి, గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్న ఇంజినీర్‌తోనే. కరెంటు వైరింగ్ రిపోర్ట్, ఈఐసీఆర్ అంటారు, ఐదేళ్ళకోసారి, రిపోర్ట్ వస్తే సరిపోదు, సాటిస్‌ఫాక్టరీ అని ఉండాలి, సీ1 (ప్రమాదకరం) సీ2 (ప్రమాదం కావొచ్చు) అని రాస్తే మామూలుగా 28 రోజుల్లో రిపేర్ చేయించి దానికీ కాగితం తీసుకోవాలి. ఈపీసీ (ఇల్లు ఎనర్జీ ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే సర్టిఫికెట్) కనీసం E రేటింగ్. ప్రతి అంతస్తులో స్మోక్ అలారం, గ్యాస్ బాయిలర్ లాంటివి ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం, ఇది 2022 అక్టోబర్ 1 నుంచి రూల్, గ్యాస్ స్టవ్ ఒక్కటే ఉన్న గదికి అక్కర్లేదు గానీ పెట్టండి, ఖర్చు తక్కువ, ప్రాణం మీదికి రాదు.

హెచ్‌ఎంఓ అయితే ఫైర్ విషయంలో ఇంకా గట్టిగా ఉంటారు: ఒకటి మోగితే అన్నీ మోగేలా కలిపిన అలారంలు, అరగంట మంటని ఆపే తలుపులు, అవి తమంతట తామే మూసుకోవడం. నన్నడిగితే అన్నిటికంటే ముందు మెయిన్ డోర్ తాళం చూడండి. లోపల్నించి తాళంచెవి లేకుండా చేత్తో తిప్పితే తెరుచుకునే థంబ్ టర్న్ ఉండాలి. రాత్రి రెండింటికి పొగలో తాళంచెవి ఎక్కడుందో వెతుక్కునే పరిస్థితి ఆ పిల్లలకి రాకూడదు. ఒక లాక్‌స్మిత్ అరగంటలో మార్చేస్తాడు.

వీటితోపాటు అగ్రిమెంట్ కాపీ, ఐడీ, మార్టగేజ్ వివరాలు, పాత నేరాలు లేవని డిక్లరేషన్. ఈ చివరిది ఫిట్ అండ్ ప్రాపర్ టెస్ట్ కోసం, మోసం, హింస, డ్రగ్స్, హౌసింగ్ చట్టాల ఉల్లంఘన లాంటివి ఉన్నాయేమో చూస్తారు.

స్టెప్ 6: అప్లికేషన్

దాదాపు అన్ని చోట్లా ఆన్‌లైన్. ముందు తేల్చుకోవాల్సింది లైసెన్స్ ఎవరి పేరు మీద. మామూలుగా రెంట్ తీసుకునేవాళ్ళు, ఇంటి మీద రిపేర్ నిర్ణయాలు తీసుకోగలిగేవాళ్ళు. మీరు ఇండియాకి వచ్చేసి ఉంటే చాలా కౌన్సిళ్ళు ఇంగ్లాండ్‌లో ఉండే మేనేజర్‌ని చూపించమంటాయి, పేరుకి ఒక ఫ్రెండ్ పేరు ఇవ్వకండి, బాయిలర్ ఆగిపోతే వెళ్ళి చూడగలిగే మనిషి, ఆ బాధ్యత ఏంటో తెలిసి ఒప్పుకున్న మనిషి అయ్యుండాలి.

అప్లికేషన్ పెడుతున్నట్టు జాయింట్ ఓనర్‌కి, మార్టగేజ్ బ్యాంక్‌కి, ఫ్రీహోల్డర్ (స్థలం అసలు ఓనర్) ఉంటే వాళ్ళకి మీరే రాసి చెప్పాలి, చెప్పినట్టు ఫారంలో డిక్లేర్ చేయాలి. అంటే బ్యాంక్‌కి తెలియకుండా అద్దెకిచ్చినవాళ్ళకి ఇక్కడే బయటపడుతుంది, అందుకే స్టెప్ 4 ముందు.

ఫీజు రెండు భాగాలు, ఒకటి అప్లికేషన్‌తో, రెండోది లైసెన్స్ ఇచ్చేటప్పుడు. కౌన్సిల్ కౌన్సిల్‌కీ చాలా తేడా ఉంటుంది, సెలెక్టివ్ అయితే చాలా చోట్ల కొన్ని వందల పౌండ్లు, పెద్ద హెచ్‌ఎంఓ అయితే వెయ్యి దాటుతుంది. మొదట్లోనే పెట్టేస్తే తగ్గించే ఎర్లీ బర్డ్ ఫీజు కొన్నిచోట్ల ఉంటుంది.

ఇక్కడ ఒకటి బాగా గుర్తుంచుకోండి: ఫీజుతో సహా సక్రమంగా అప్లికేషన్ పెట్టిన క్షణం నుంచి లైసెన్స్ చేతికి రాకపోయినా నేరం ఆగిపోతుంది, నెలలు పట్టినా మీకు రక్షణ ఉంటుంది. సగం నింపి సేవ్ చేసి వదిలేసింది, ఫీజు కట్టనిది అప్లికేషన్ కిందకి రాదు. కన్ఫర్మేషన్ మెయిల్, పేమెంట్ రసీదు రెండూ పీడీఎఫ్ చేసి దాచండి.

స్టెప్ 7: డ్రాఫ్ట్ వచ్చాక చదవండి

కౌన్సిల్ ముందు డ్రాఫ్ట్ లైసెన్స్ పంపి కనీసం 14 రోజులు టైమ్ ఇస్తుంది, మీ అభ్యంతరాలు చెప్పడానికి. ఎక్కువమంది దీన్ని తెరవను కూడా తెరవరు. తెరవండి, ముఖ్యంగా గరిష్ఠంగా ఎంతమంది ఉండొచ్చు అన్న అంకె, ఏ పని ఎన్ని నెలల్లో చేయాలి అన్నది. ఏదైనా తప్పుంటే అప్పుడే రాయండి. ఫైనల్ లైసెన్స్ నచ్చకపోతే 28 రోజుల్లో ఫస్ట్ టియర్ ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు.

లైసెన్స్ వచ్చాక కండిషన్లు తప్పినా నేరమే. సెలెక్టివ్‌లో కొత్త టెనెంట్ దగ్గర రిఫరెన్స్ అడగాలి అనేది తప్పనిసరి కండిషన్, మన ఊరి అబ్బాయే అని వదిలేయకండి, ఒక మెయిల్ అయినా ఫైల్‌లో ఉండాలి. హెచ్‌ఎంఓలో మేనేజర్ పేరు, అడ్రస్, ఫోన్ నంబర్ అందరికీ కనబడేలా హాల్లో అతికించాలి, ఇది లైసెన్స్ అక్కర్లేని హెచ్‌ఎంఓకి కూడా వర్తిస్తుంది.

ఇప్పటికే లైసెన్స్ లేకుండా నడుస్తుంటే

భయపడి ఆపొద్దు, ఈరోజే అప్లై చేయండి. ఆపే కొద్దీ ఎంత పోతుందో లెక్క చూడండి. లైసెన్స్ లేని కాలానికి టెనెంట్ ట్రిబ్యునల్‌కి వెళ్ళి కట్టిన రెంట్ వెనక్కి అడగొచ్చు, దాన్ని రెంట్ రీపేమెంట్ ఆర్డర్ అంటారు. పాత రూల్‌లో గరిష్ఠంగా 12 నెలల రెంట్, రెంటర్స్ రైట్స్ యాక్ట్ 2025 దాన్ని 24 నెలలు చేసింది, 2026 మే 1 నుంచి. నెలకి 1,800 పౌండ్ల ఇల్లైతే పాత లెక్కన 21,600, కొత్త లెక్కన 43,200 వరకు. ఇది కాక కౌన్సిల్ వేసే సివిల్ పెనాల్టీ 30,000 వరకు ఉండేది, అదే తేదీ నుంచి 40,000 వరకు. కోర్టుకి తీసుకెళ్తే ఫైన్‌కి పరిమితే లేదు.

టెనెంట్ అంత పని చేస్తాడా, మనవాడే కదా అంటారు. డిపాజిట్ దగ్గర మాటా మాటా వస్తే చేస్తాడు, చేయడం వాళ్ళ హక్కు కూడా.

ఐదోవాడు ఎలాగూ వెళ్ళిపోతున్నాడు, లేదా ఇల్లు అమ్మేస్తున్నారు, అందుకని లైసెన్స్ అక్కర్లేదనుకుంటే టెంపరరీ ఎగ్జెంప్షన్ నోటీస్ అడగండి, మూడు నెలలు ఇస్తారు, తప్పనిసరి పరిస్థితుల్లో ఇంకో మూడు. టెనెంట్‌ని మాత్రం లెక్క తగ్గించడం కోసం రాత్రికి రాత్రి బయటికి పంపకండి, అది ఇంకో పెద్ద నేరం.

రెంట్ టు రెంట్ కంపెనీకి ఇచ్చినవాళ్ళకి ప్రత్యేకంగా చెప్తున్నా. మూడేళ్ళు గ్యారంటీ రెంట్ అని తీసుకుని వాళ్ళు గదులుగా చేసి ఇస్తుంటారు. 2023లో సుప్రీంకోర్టు టెనెంట్ నేరుగా రెంట్ కట్టే ల్యాండ్‌లార్డ్ మీదే రెంట్ రీపేమెంట్ ఆర్డర్ వేయొచ్చు అంది, కొత్త చట్టం దాన్ని మార్చి పైనున్న ఓనర్ దాకా తెచ్చింది. ఆర్నెల్లకోసారైనా మీరే వెళ్ళి ఎన్ని గదుల్లో ఎంతమందున్నారో కళ్ళారా చూసుకోండి.

లైసెన్స్ వచ్చిన తర్వాత

గరిష్ఠంగా ఐదేళ్ళు ఉంటుంది, కౌన్సిల్ తక్కువ కూడా ఇవ్వొచ్చు, ఏడాది ఇచ్చారంటే మేనేజ్‌మెంట్ మీద నమ్మకం తక్కువని. అయిపోయే తేదీకి మూడు నెలల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి, తేదీ దాటితే రెన్యూవల్ అనేది ఉండదు, మళ్ళీ కొత్త అప్లికేషనే, మధ్యలో ఖాళీగా ఉన్న రోజులన్నీ లైసెన్స్ లేని రోజులే.

లైసెన్స్ ఇంకొకరికి మారదు. ఇల్లు అమ్మితే కొన్నవాళ్ళు కొత్తగా తీసుకోవాలి, టెనెంట్లతో సహా ఇల్లు కొంటున్నవాళ్ళు కంప్లీషన్ (ఇల్లు చేతికొచ్చే) రోజుకే అప్లికేషన్ రెడీగా పెట్టుకోండి. భార్యాభర్తల్లో ఒకరి పేరు మీదే లైసెన్స్ ఉండి ఆ మనిషి చనిపోతే లైసెన్స్ అక్కడితో ఆగిపోతుంది, ఆ రోజు నుంచి మూడు నెలలు మినహాయింపు ఉన్నట్టు చూస్తారు, ఆ లోపు రెండోవాళ్ళు తమ పేరు మీద అప్లై చేయాలి. ఈ సంగతి ఇంట్లో ఇద్దరికీ తెలిసి ఉండాలి, లైసెన్స్ నంబరూ కౌన్సిల్ లాగిన్ వివరాలూ ఇంటి డాక్యుమెంట్లతో కలిపి ఒకే ఫైల్లో పెట్టండి.